బాపు కుడి చెయ్యి

పుణె,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన బాపుకు, అవ్వకు మీ రూతు వందనాలు. దేవుని దయవల్ల నేను బాగున్నాను, మీరూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. నానమ్మ దగ్గు తగ్గిందా? ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు బాపూ. ఫోన్లో నేను రెండు మాటలనేలోపే అవ్వ చేతికిచ్చేస్తావు. కాగితమైతే చివరిదాకా చదువుతావు.

ముందు సంతోషం చెప్పేస్తాను, కడుపులో ఆగడం లేదు. నిన్న వాలీబాల్‌లో మళ్లీ స్మాష్ కొట్టాను! ఇన్ని నెలల తర్వాత మొదటి దెబ్బ. మా కంపెనీ జట్టు అమ్మాయిలు నన్ను ఎత్తుకున్నంత పని చేశారు.

ఇన్నాళ్లు దాచాను, కోపం చేయకు. పొద్దంతా ప్యాకింగ్ పెట్టెలు పై అరకెత్తడం, సాయంత్రం వాలీబాల్. కుడి భుజం పట్టేసింది. ఆ పక్క పడుకోలేను, జడ వేసుకోలేను. నువ్వు ఆడేటప్పుడు చెప్పే మందే వాడాను: "నొప్పి మీదనే కొట్టాలె బిడ్డా, కొడితేనే ఇడుస్తది." కొట్టాను, ఇడవలే. భయపడి చున్నీతో కట్టేసి కదపడం మానేస్తే ఇంకా బిగుసుకుంది.

చివరికి ఫిజియోథెరపీ మేడం దగ్గరికి పోయాను. అవ్వ పుట్టింటి ఆదిలాబాద్ మరాఠీ అక్కడ పనికొచ్చింది. తుంటి కీలు రోట్లో రోకలిలా లోతుగా కూర్చుంటుందట. భుజం మాత్రం చిన్న ప్లేటులో పెట్టిన బత్తాయి. అందుకే చెయ్యి అన్ని దిక్కులా తిరుగుతుంది, అందుకే తొందరగా దెబ్బ తింటుంది. చుట్టూ ఉన్న చిన్న కండరాలే దాన్ని జారకుండా పట్టుకుంటాయి. చెయ్యి మాటిమాటికి తలపైకి విసిరితే అవి నలిగి వాస్తాయి, ఒక్కోసారి చిరుగుతాయి. మనమేమో నరం పట్టిందని గుంజిస్తాం. కొట్టడమూ తప్పే, కట్టేయడమూ తప్పే. రబ్బరు పట్టీ లాగుతూ మెల్లగా బలం తెచ్చుకోవాలి.

మొదటి రోజు మేడం రెండు చేతులూ పైకెత్తమంది. ఎడమది లేచింది, కుడిది సగంలో ఆగింది. ఎదుటి అద్దంలో నాకు నువ్వు కనిపించావు బాపూ. చర్చిలో స్తుతి పాటకు అందరూ రెండు చేతులెత్తితే నువ్వు ఎడమదే ఎత్తుతావు. అది నీ భక్తి తీరని ఇన్నేళ్లు అనుకున్నాం. అక్కడే ఏడ్చేశాను. నొప్పికని మేడం అనుకుంది.

చర్చి పంటల పండుగ వాలీబాల్ మ్యాచ్‌లో ఈసారీ నువ్వే స్మాష్ కొడతావట, తమ్ముడు చెప్పాడు. వద్దు బాపూ. ముందు మంచిర్యాల పోయి ఎముకల డాక్టరుకు చూపించు. "గిప్పుడు నాకెందుకే" అంటావని తెలుసు. నీది పాత నొప్పి, ఎంత తగ్గుతుందో చూడందే చెప్పలేమని మేడం అంది. చూపించకపోతే మాత్రం ఉన్నది కూడా పోతుంది. మ్యాచ్‌లో అరవడానికి నీ గొంతు చాలు, అవతలి జట్టు దానికే పారిపోతుంది.

ఇక్కడ వాన ఆగదు, బట్టలారవు. జొన్నరొట్టె దొరుకుతుంది గాని పుంటికూర తొక్కు లేదు. ఆదివారాలు మీరు బాగా యాదికొస్తారు. ఫికర్ పడకండి, నేను బాగానే ఉన్నాను.

పండుగకు సెలవు దొరికింది, వస్తున్నాను! తొక్కు నూరి పెట్టమని అవ్వకు చెప్పు. నానమ్మకు, పాస్టరయ్యగారికి వందనాలు. నా కోసం ప్రార్థన చేయండి. ఆ రోజు చర్చిలో ఆడవాళ్ల వైపు కూర్చోను, నీ కుడి పక్కన నిలబడతాను. చెయ్యి ఎంత లేస్తే అంతే ఎత్తు బాపూ, నేను పట్టుకుంటాను.

నీ బిడ్డ,
రూతు