వలయానికి కనీసం ముగ్గురు

యీషున్,
6 మార్చి 2000

టోవా పాయో తెలుగు మిత్ర మండలి కార్యదర్శి వెంకటసుబ్బయ్య అంకుల్‌కి,

నమస్కారం. నా పేరు శ్రీలేఖ, మాది సామర్లకోట. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడి, వాటిని సరిచేయడానికి కిందటేడు మా కంపెనీ వాళ్ళు మమ్మల్ని ఈ దేశానికి తెచ్చారు. సంవత్సరం మారింది, కంప్యూటర్లకేమీ కాలేదు, నాకే పని తగ్గింది. ఆ తీరికలో ఇంటర్నెట్‌లో పేగన్ మార్గం గురించి చదివాను. పెద్ద మతాలేవీ రాకముందు జనం కొలిచినట్టే చెట్టునీ వాననీ చంద్రుణ్ణీ కొలుస్తారు. ఏడాదికి ఎనిమిది పండగలు. ఇన్నాళ్ళూ నేను వెతికింది ఇదే అనిపించింది.

కానీ ఒక్కదాన్నే అంకుల్. కొవ్వొత్తి వెలిగించి కళ్ళు మూసుకుంటే మా రూమ్మేట్ అతియా వచ్చి "కరెంటు పోయిందా?" అంటుంది. మే ఒకటిన వసంతం పండగ. ఆ రోజు చెట్టు కింద వలయంగా కూర్చోవాలి. వలయానికి కనీసం ముగ్గురుండాలి, ఇద్దరు కూర్చుంటే గీతే అవుతుంది. మా కంపెనీ లండన్ పంపిస్తానంటోంది. అక్కడ ఇలాంటి బృందాలు బోలెడట. నాకేమో ఈ ఊరు నచ్చింది. ఆ రోజు ఎవరూ రాకపోతే మాత్రం వెళ్ళిపోతాను. మీ పత్రికలో చిన్న ప్రకటన వేస్తారా?

ఆశతో,
శ్రీలేఖ

తా.క. వసంతం అన్నాను గానీ ఇక్కడ ముప్ఫై మూడు డిగ్రీలు. హేమంతంలోనూ ముప్ఫై మూడే. ఆ సంగతి తర్వాత చూసుకుందాం.


టోవా పాయో,
15 మార్చి 2000

కుమారి శ్రీలేఖ గారికి కార్యదర్శి వ్రాయునది ఏమనగా,

మీ ఉత్తరం కార్యవర్గం ముందు పెట్టాను. మే ఒకటి కార్మిక దినం. ఆ రోజు ఉద్యోగస్తులు పార్కులో వలయంగా కూర్చుంటే దాన్నేమంటారో మీకు తెలియకపోవచ్చు. మా కోశాధికారి జగన్మోహనరావు గారికి బాగా తెలుసు, ఆయన వయసులో ఉండగా రెండు సమ్మెలు చేశారు. మన మండలికి రాజకీయాలు పనికిరావు. కంపెనీతో ఇబ్బంది ఉంటే మీ మేనేజరుతో నెమ్మదిగా మాట్లాడుకోగలరు.

భవదీయుడు,
వెంకటసుబ్బయ్య

తా.క. మీ బ్లాకు వెనక పార్కులో టెంబుసు చెట్టు ఉందా? మొగ్గ వేసిందా?


యీషున్,
18 మార్చి 2000

వెంకటసుబ్బయ్య అంకుల్‌కి నమస్కారం.

సమ్మె కాదు అంకుల్! జీతం బాగానే ఇస్తున్నారు. ఇది భక్తి. గురువు లేడు, గ్రంథం లేదు, గుడి లేదు. ఎవరి దారి వాళ్ళు వెతుక్కోవడమే. కాకపోతే వెతుక్కునేటప్పుడు పక్కన మనుషులుంటే బాగుంటుంది, అంతే.

ఇట్లు,
శ్రీలేఖ

తా.క. ఉత్తరమంతా టైపు కొట్టించి తాజా కలం మాత్రం చేత్తో రాశారు. మీ దస్తూరీ ఎంత బాగుందో! మీరడిగాక వెళ్ళి వెతికితే టెంబుసు కనబడింది. రోజూ దాని పక్కనుంచే ట్రైన్‌కి పరిగెడుతున్నాను, ఏనాడూ తలెత్తి చూడలేదు. ప్రకృతి భక్తురాలిని కదా, సిగ్గేసింది. మొగ్గలైతే లేవు.


టోవా పాయో,
27 మార్చి 2000

కుమారి శ్రీలేఖ గారికి,

సమ్మె కాదని తెలిసి కార్యవర్గం ఊపిరి పీల్చుకుంది. జగన్మోహనరావు గారు మాత్రం కొంచెం నిరుత్సాహపడ్డారు. అయితే ఎవరి దారి వారిదైనప్పుడు ప్రకటన దేనికని సభ్యుల ప్రశ్న. మతపరమైన కార్యక్రమాలకు ఫారం ఉంది, జతపరిచాను. గురువు, గ్రంథం, ప్రసాదం. అన్ని గడులూ నింపవలెను. ఖాళీలుంటే ఒప్పుకోము.

భవదీయుడు,
వెంకటసుబ్బయ్య

తా.క. మొగ్గలు కొమ్మల చివర గుత్తులుగా ఉంటాయి, కింద నిలబడి చూస్తే ఆకుల్లో కలిసిపోతాయి. బెంచీ ఎక్కి చూడాలి.


యీషున్,
1 ఏప్రిల్ 2000

అంకుల్‌కి నమస్కారం.

ఫారం నింపాను. గురువు గడిలో "చెట్టు" అని, గ్రంథం గడిలో "ఆకులు" అని రాశాను. వెటకారం కాదు, వేరే జవాబు లేదు. ప్రసాదం మాత్రం ఉంది. రొట్టె, తేనె, పళ్ళు. చెట్టు కింద కూర్చుని అందరం పంచుకుని తింటాం.

ఇట్లు,
శ్రీలేఖ

తా.క. బెంచీ ఎక్కాను. పార్కు ఊడ్చే అంకుల్ "దిగమ్మా, దిగు లా!" అని కేకలేశాడు. దిగేలోపు చూసేశాను. మొగ్గలొచ్చాయి!!


టోవా పాయో,
17 ఏప్రిల్ 2000

కుమారి శ్రీలేఖ గారికి,

ఇంత సులువైన సంగతి చెప్పడానికి మూడు ఉత్తరాలెందుకమ్మా? చెట్టు కింద కూర్చుని పంచుకు తినడాన్ని వనభోజనాలంటారు! కార్తీకంలో చేయవలసినది మీరు మేలో చేస్తున్నారు, అయినా సెలవు రోజు కనుక ఏకగ్రీవంగా ఆమోదించాము. ప్రకటన పడింది. అరవై నాలుగు మంది పేర్లిచ్చారు. రొట్టె ఎవరూ ముట్టరు కనుక పులిహోరగా మార్చాము. తంబోలా, చెంచా నిమ్మకాయ పందెం ఉంటాయి. మీరు స్వాగతోపన్యాసం ఇవ్వాలి, మూడు నిమిషాలు మించరాదు.

భవదీయుడు,
వెంకటసుబ్బయ్య

తా.క. ఏడుపొచ్చిందా? ఏడవకు. తప్పకుండా రా.


యీషున్,
2 మే 2000

అంకుల్‌కి,

నిన్నటి సంగతి నిజం చెప్పాలంటే, మా పార్కుకి వెళ్ళేసరికి మైకులో తంబోలా అంకెలు చదువుతున్నారు. నేను అనుకున్న టెంబుసు కింద ఎవరో చాప పరిచి, పైన టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడివాళ్ళ మాటలో చెప్పాలంటే చోప్ చేసేశారు, అంటే చోటు పట్టేసుకున్నారు. నా చెట్టే, నాకే చోటు లేదు! నా స్వాగతోపన్యాసంలో "భూమాతా" అనగానే ఎవరో "భోజనాలెప్పుడు?" అన్నారు. లండన్ కాగితాలు బ్యాగులోనే ఉన్నాయి, అక్కడే సంతకం పెట్టేద్దామని పెన్ను తీశాను.

అప్పుడొక ఆంటీ వచ్చి, "ఆ చాప మీద కూర్చో" అన్నారు. "ఎవరిదో కదా ఆంటీ" అంటే వినిపించుకోకుండా తనూ కూర్చున్నారు. సాయంత్రం చల్లబడేసరికి పైనుంచి పూల వాసన దిగింది. ఆవిడ ఒక చెయ్యి చెట్టు మీద, ఒక చెయ్యి నా చేతి మీద వేసి కళ్ళు మూసుకున్నారు. నాకు ఏడుపొచ్చేసింది అంకుల్, ఈసారి సంతోషంతో. తేరుకునేసరికి ఆవిణ్ణి గిన్నెలు సర్దడానికి పిలిచారు. పేరైనా అడగలేదు.

సోమవారం లోగా లండన్‌కి జవాబివ్వాలి. దయచేసి ఆవిడెవరో కనుక్కోండి.

ఇట్లు,
శ్రీలేఖ

తా.క. చెంచా నిమ్మకాయలో నాకు రెండో బహుమతి. స్టీలు డబ్బా. థాంక్స్.


టోవా పాయో,
4 మే 2000

చిరంజీవి శ్రీలేఖకి మంగతాయారు ఆశీస్సులు.

నేను కార్యదర్శి గారి భార్యను. ఆయన చెబుతారు, నేను టైపు కొడతాను. సంతకమయ్యాక కవరు అంటించేలోపు కాస్త జాగా మిగిలితే అది నాది. ఆ చాపా, టిష్యూ ప్యాకెట్టూ నావే. నేను పెట్టకపోతే అక్కడ పులిహోర బేసిన్లు పెట్టేవాళ్ళు. అసలు ఫారంలో ప్రసాదం గడి లేదు, నేనే టైపు కొట్టి చేర్చాను. తిండి పేరెత్తకుండా మన కార్యవర్గం దేనికీ ఒప్పుకోదు.

ఈ ఊరొచ్చి ఇరవై నాలుగేళ్ళు. వచ్చిన కొత్తలో ఎవరూ తెలియక మా బ్లాకు కింది టెంబుసుతో మాట్లాడేదాన్ని. అది పూసిన రోజు నాకు పండగ. ఈశాన్య వాన మొదటి చినుకు పండగ. పక్క దేశం అడవులు తగలబడి కమ్మిన పొగ విడిచి ఆకాశం కనబడితే పండగ. దురియన్ పళ్ళ మొదటి బండి వచ్చినా పండగే, ఆ పండు కంపు పడక ఆ రోజు ఆయన వరండాలో కూర్చుంటారు. ఎవరికైనా చెబితే నవ్వుతారని, కూరలకని చెప్పి వెళ్ళేదాన్ని. ఖాళీ సంచీతో తిరిగొస్తుంటే, పాపం, ఆయన నాకు తోటకూర ఎంచడం రాదనుకుంటున్నారు. నీ ఉత్తరం టైపు మిషను పక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో! నాలాంటిది ఇంకొకత్తె ఉందని తెలిసి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

హేమంతం ఇక్కడికి రాదమ్మా, ఎదురుచూడకు. ఇక్కడ వచ్చేవాటినే పండగ చేసుకుందాం. ఇలా చెప్పినవీ చెప్పనివీ కలిపి నావి లెక్కేస్తే ఏడయ్యాయి, ఎనిమిదోది నువ్వు చూసి పెట్టు. వలయానికి మనం ఇద్దరమే, నువ్వన్నట్టు గీతే. దానికోసం వెళ్ళిపోకు.

ప్రేమతో,
మంగతాయారు

తా.క. (ఇది కార్యదర్శి వ్రాయునది.) ఈ కవరు పోస్టులో వేయమని నాకిచ్చారు. అంటించే ముందు చదవడం ఈ ఇంట్లో ఆనవాయితీ అని ఇప్పుడే తెలిసింది. తోటకూర సంగతి మేమిద్దరం మాట్లాడుకుంటాము. మూడో మనిషిగా నా దరఖాస్తు జతపరిచాను. గురువు గడిలో మా ఆవిడ పేరు రాశాను. ప్రసాదంలో తేనె వద్దు, నాకు షుగరు.