ఇంటిపేరు కలిసింది, సంబంధం చెడింది

భూపాలపల్లి పట్టణంలో కాపురముంటున్న, కీర్తిశేషులు నీలారపు పోశయ్య భార్య మనోరమ అనే నేను, డెబ్బై ఒకటో ఏట, ఒంట్లో గుండె ఒక్కటి తప్ప మిగతావన్నీ మాట వింటున్న స్థితిలో, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా రాయించుకుంటున్న వీలునామా ఇది. వచ్చే వారం హనుమకొండ దవాఖానలో నా గుండెకు ఆపరేషన్. బతికి వస్తే ఇందులోని పనులన్నీ నేనే దగ్గరుండి చేయిస్తాను. రాకపోతే ఈ కాగితం చేయించాలి. నా బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరు రాసిచ్చిన చీటీ జతచేశాను. నా కొడుకు వెంకట్రాజానికి ఈ మధ్య ఆ విషయంలో అనుమానం కలిగింది కాబట్టి దాన్ని జిరాక్స్ కూడా తీయించాను.

ఈ వీలునామాను అమలు చేయాల్సింది నా బిడ్డ గీతాంజలి. జనగామలో టీచరు. వెంకట్రాజం కంటే పెద్దది, కానీ ఏ కాగితం మీదా ఆమె పేరు ముందు రాదు. ఇందులో వస్తుంది.

1. నా ఆస్తి. బస్టాండు వెనక వీధిలో ఉన్న మూడు గదుల ఇల్లు, పెరట్లోని జామచెట్టుతో సహా, నా పేరు మీద రిజిస్టరై ఉంది. మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్ళు క్వార్టర్‌లోనే ఉన్నాం. ఈ ఇల్లు కట్టింది నా పెండ్లప్పుడు పసుపుకుంకుమ కింద మా నాయిన రాసిచ్చిన భూమిని అమ్మి. ఇంటి ముందు గోడకు 'నీలారపు నిలయం' అని నల్లరాతి పలక పెట్టించింది నా కొడుకు. లోపలి ఇటుకలు మాత్రం మేకలోళ్ళవి. మేకల అనేది మా పుట్టింటి పేరు. బడిలో పిల్లలు నన్ను చూసి మే మే అనేవాళ్ళు. పద్దెనిమిదేండ్లకు పెండ్లయి నీలారపు దాన్నయితే పీడ పోయిందనుకున్నాను.

2. నా పరిశోధన. మా ఆయన చనిపోయిన ఏడాది పొద్దు గడవక ఆయన తాత పేరు కనుక్కుందామని మొదలుపెట్టాను. వెంకట్రాజం బిడ్డ, నా మనుమరాలు యమున నా ఫోన్లో ఒక గ్రూపు చూపించింది. పేరు 'నీలారపు వంశవృక్షం'. దాని అడ్మిన్ జనగామ నీలారపు సోమనర్సయ్య. ఒకరి తాతల పేర్లు ఒకరికి చెప్పుకుని, పాత భూమి పహాణీలు, పెండ్లి కార్డులు ఫోటో తీసి పెట్టుకుని, కొమ్మకు కొమ్మ కలుపుతారు. నేను ఊర్లు తిరిగి ముసలివాళ్ళను కూచోబెట్టుకుని అడిగి తెచ్చిన పేర్లు తక్కువేం కాదు. కొందరు నన్ను మనోరమక్క అంటారు, కొందరు మేడం అంటారు. సోమనర్సయ్య మాత్రం పోశన్న భార్య అంటాడు.

గ్రూపులో చూస్తే అందరి తాతముత్తాతలూ కాకతీయుల సైన్యంలో పెద్ద పెద్ద కొలువుల్లో ఉన్నవాళ్ళే. ఒక్కడంటే ఒక్కడు నాగలి పట్టినవాడు లేడు, గొడ్లు కాసినవాడు లేడు. ఇంతమంది సేనాపతులు ఉండి రాజ్యం ఎట్లా పోయిందన్నా అని ఒకసారి అడిగాను. సోమనర్సయ్య నన్ను వారం రోజులు గ్రూపు నుంచి తీసేశాడు.

అసలు పంచాయితీ అది కాదు. వంశవృక్షం పటంలో ఆడపిల్లల పేర్లు ఉండవు. నేను గీతాంజలి పేరు పంపిస్తే తీసేశాడు. మళ్ళీ పంపిస్తే మళ్ళీ తీసేశాడు. ఎందుకని ఫోన్ చేసి అడిగితే, "ఆడపిల్లలు లగ్గమైనంక ఇంకో చెట్టుకు కాస్తరు, గాళ్ళను ఈడ రాస్తే లెక్క తప్పుతది" అన్నాడు. మరి కోడండ్ల సంగతేంది అన్నాను. "రాస్తున్నం గద" అన్నాడు. చూస్తే నిజమే, రాశాడు. మా ఆయన పేరు పక్కన బ్రాకెట్లో 'భార్య' అని ఉంది. ఆ చెట్టులో సగం నేను తెచ్చి పెట్టిన ఆకులే. అందులో నేనొక బ్రాకెట్టును.

వెంకట్రాజం అప్పట్లో నన్ను చూసి నవ్వేవాడు. "అమ్మా, గా సచ్చినోళ్ళ ముచ్చట నీకెందుకే, ఇంత తిని టీవీ చూడరాదు" అనేవాడు. ఆ మాటలు అందరూ గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

3. ఆకు సంగతి. నీలారపోళ్ళ ఇండ్లల్లో ఒక ఆచారం ఉంది. పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య నాడు, పెద్దలకు ఆకులేసి వడ్డించాక, గడప దగ్గర తూర్పు దిక్కుకు ఇంకో ఆకు వేస్తారు. అది ఎవరికి అంటే మా అత్తకు తెలియదు. పోయినాయనకు అనేది. ఎక్కడికి పోయినాయన అంటే, నోరు మూసుకొని వడ్డించు అనేది. తరువాత పరిశోధనలో తెలిసింది. ఆరు తరాల కింద ఇద్దరన్నదమ్ములు కొట్లాడుకుంటే తమ్ముడు ఎడ్లబండి కట్టుకుని తూర్పుకు పోయాడు. మళ్ళీ రాలేదు. అతని జాడ కోసం గ్రూపులో అడగని ఊరు లేదు.

ఆ జాడ నా ఇంటికే వచ్చి చాయ తాగింది. గంటల నితిన్ అనే పిల్లగాడు, వాళ్ళది గార్ల, చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం. యమున కలెక్టరాఫీసులో పనిచేస్తుంది. ఇద్దరికీ ఎక్కడో పరిచయమై పెండ్లి మాట దాకా వచ్చింది. కులం ఒకటే, ఇంటిపేరు వేరు, ఇంకేం కావాలి అనుకున్నాను. నన్ను మంచి చేసుకుంటే పని అవుతుందని వాడికెవరు చెప్పారో గానీ, వచ్చిన ప్రతిసారీ వాళ్ళ తాతల ముచ్చట్లు చెప్పేవాడు. నేను మురిసిపోయి వినేదాన్ని. ఒకరోజు మిర్చి బజ్జీలు తింటూ, "అవ్వా, మా ఇంట్ల పెత్రమాసకు గడప కాడ పడమటి దిక్కు ఒక ఆకు ఎక్కువేస్తరు, ఎందుకో ఎవ్వలికి తెల్వది" అన్నాడు.

నా చేతిలో బజ్జీ అట్లనే ఉండిపోయింది. తూర్పుకు పోయినవాడి పిల్లలు పడమరకు ఆకు వేస్తున్నారు. వాడు చెప్పిన తాతల ముచ్చట్లన్నీ కలిపి చూస్తే లెక్క కుదిరింది: నీలారపు తమ్ముడు బండెడ్లకు గంటలు కట్టుకుని గార్లకు పోతే ఊరోళ్ళు గంటలోళ్ళు అన్నారు, అదే ఇంటిపేరయింది. ఆ రాత్రే గ్రూపులో పెట్టాను. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. సోమనర్సయ్య మొదటిసారి నన్ను మనోరమక్కా అన్నాడు. గార్లలో నితిన్ తాత సాయిలు ఎరువుల దుకాణం బోర్డు తీసేసి 'నీలారపు సాయిలు అండ్ సన్స్' అని కొత్తది రాయించి ఫోటో పంపాడు. సంతోషం పట్టలేక నేను గ్రూపులో అందరికీ లడ్డూ బొమ్మలు పంపాను.

మా కులంలో గోత్రం ఎవరూ అడగరు. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు అన్నాచెల్లెండ్లు. అంతే. లడ్డూ బొమ్మలు పంపిన మరునాడు యమున ఏడ్చుకుంటూ వచ్చి నా మంచం మీద కూచున్నప్పుడు గాని ఆ సంగతి నా బుర్రకు ఎక్కలేదు. ఆ పిల్లగాడు అవ్వను మంచి చేసుకుందామని వచ్చి తన నోటితోనే యమునకు అన్నయ్య అయ్యాడు.

4. నా కొడుకు గురించి. చచ్చినవాళ్ళ ముచ్చట ఎందుకన్న వెంకట్రాజం ఇప్పుడు ఆ వంశవృక్షాన్ని నాకంటే ఎక్కువ నమ్ముతున్నాడు. పటం ప్రింటు తీయించి బీరువాకు అంటించాడు. "చెల్లె వరుసైతది గద, గట్లెట్ల ఇస్తమే? నలుగురు నవ్వరా?" అంటాడు. నలుగురికీ ఈ సంగతి చెప్పిందే నేను. నేను కనుక్కోక ముందు ఆ నలుగురికి వాళ్ళ ముత్తాతల పేర్లే తెలియవు.

వకీలును అడిగాను. చట్టానికి ఆరు తరాల కింది అన్నదమ్ములతో పని లేదు, పెండ్లి చెల్లుతుందన్నాడు. అంటే అడ్డం వచ్చేది చట్టం కాదు, వరుస. వరుసకు వరుసతోనే జవాబు చెప్పే ఉపాయం మా పెద్దవాళ్ళకు ఎప్పటినుంచో ఉంది. ఇట్లాంటి చిక్కు వచ్చినప్పుడు పిల్లను వేరే ఇంటిపేరు వాళ్ళకు దత్తత ఇచ్చి, వాళ్ళ ఇంటి ఆడపిల్లగా పెండ్లి చేస్తారు. నా అన్న కొడుకు మేకల తుల్సీరాం, జనగామ, దానికి సిద్ధంగా ఉన్నాడు. ఆయనకు ఆడపిల్లలు లేరు. అడిగితే, "మేనత్త అడిగినంక ఇంకేముంది, నా బిడ్డే" అన్నాడు. ఆ మాటకు నేను ఫోన్ పెట్టేసి ఏడ్చాను. గార్ల సాయిలు కూడా, "మీరు వరుస మార్చియ్యుండ్రి, మాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. బోర్డు మాత్రం మార్చడట, పెయింటు కొత్తది.

ఒప్పుకోనిది వెంకట్రాజమే. "నేను బతికుండంగ నా బిడ్డను ఇంకోనికి రాసిస్తనా?" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి కండ్లల్లో నీళ్ళు చూశాను. అది వంశం కాదు, బిడ్డ మీద ప్రేమ, పావురం. అందుకే వాడికి కోపంతో కాకుండా చెబుతున్నాను. నాయినా, నన్ను మా నాయిన ఇట్లాగే రాసిచ్చాడు. నీ అక్కను మీ బాపు రాసిచ్చాడు. అప్పుడు నువ్వు కొత్త ప్యాంటు వేసుకుని బంతి భోజనాల్లో వడ్డించావు. ఇంటిపేరు పోతే బిడ్డ పోదు. పోయేదైతే నేను ఈ పాటికి ఎన్నడో పోయేదాన్ని.

5. కనుక ఇంటి సంగతి ఇట్లా నిర్ణయించాను. నేను పోయాక ఏడాదిలోపల వెంకట్రాజం తన చేతులతో యమునను మేకల తుల్సీరాంకు దత్తత ఇచ్చి, నితిన్‌తో పెండ్లి దగ్గరుండి జరిపిస్తే, ఇల్లు, జామచెట్టు, నల్లరాతి పలక వాడివే. జరిపించని పక్షంలో, వాడికి వంశం మీద అంత మక్కువ ఉన్నందుకు, ఈ ఇంటిని నీలారపు వంశ భవనంగా గ్రూపుకు రాసిస్తున్నాను. ముందుగదిలో సోమనర్సయ్య ఆఫీసు పెట్టుకోవచ్చు. పొద్దున ఐదింటికి ఆయన పెట్టే వాయిస్ మెసేజీలు వెంకట్రాజం ఇక ఫోన్లో వినక్కర్లేదు, కిటికీలోంచే వినొచ్చు.

యమున ఇష్టం మారితే ఈ షరతు చెల్లదు. ఇల్లు అప్పుడు ఆమెది.

6. నా కోడలు సుమకు నా మెడలోని రెండు వరుసల బంగారు గుండ్ల పేరు, బీరువా తాళం. ఈ గొడవంతటిలో సుమ ఒక్క మాట మాట్లాడలేదు. కానీ బీరువాకు అంటించిన పటం మీద ప్రతిరోజూ తడిబట్టతో తుడుస్తోంది. అక్షరాలు సగం పోయాయి. దానికి నేను చూపిస్తున్న కృతజ్ఞత ఇది.

7. నితిన్‌కు మా ఆయన బాయిలోకి తీసుకుపోయిన స్టీలు టిఫిన్ డబ్బా. సొట్టలు పడింది, మూత మాత్రం గట్టిది. షిఫ్టు డ్యూటీ చేసేవాడి అన్నం చల్లారకూడదు. ఇంకెప్పుడూ ఎవరి ఇంట్లోనూ తాతల ముచ్చట్లు చెప్పొద్దని కూడా వాడికి నా సలహా.

8. సోమనర్సయ్యకు నా కండ్లద్దాలు. బ్రాకెట్టు లోపల ఏముందో చూడడానికి. నిజం చెప్పాలంటే ఆయన లేకపోతే నాకు ఆ ఏండ్లు గడిచేవి కావు. పండుగ పూట మొదటి మెసేజ్ ఆయనదే వచ్చేది. యమున పెండ్లి అయ్యాక ఆయన ఒక పని చేయాలి. గార్ల కొమ్మలో నితిన్ పక్కన ఆమె పేరు పూర్తిగా రాయాలి. నీలారపు ఇంట్లో పుట్టి, ఒక్క పూటకు మేకల దానయి, తిరిగి నీలారపు బోర్డు ఉన్న ఇంటికే కోడలై వచ్చే పిల్ల ఆ చెట్టులో ఇంకెవరూ లేరు. ఆమె ఏ చెట్టుకు కాసిందో ఆయన లెక్క తేల్చాలి.

9. గీతాంజలికి నా పరిశోధన మొత్తం, ఫోన్‌తో సహా. ఆమె ఇష్టమొచ్చినట్టు ఆడపిల్లలందరి పేర్లూ రాసి ఇంకో చెట్టు పెట్టుకోవచ్చు. మొదటి పేరు తనదే రాసుకోవాలి, నా మాటగా.

10. యమునకు నేను విడిగా ఏమీ రాయడం లేదు, ఈ వీలునామా అంతా ఆమెదే. ఒక్క కోరిక. దత్తత నాడు పొద్దున పంతులు పేరు అడిగినప్పుడు గట్టిగా చెప్పాలి, మేకల యమున అని. యాభై మూడేండ్ల కింద ఆ పేరును నేను ఒక పెండ్లి పందిట్లో వదిలేసి వచ్చాను. దాని కోసం ఏ గ్రూపులోనూ వెతకలేదు. ఊర్లన్నీ తిరిగి మా ఆయన ముత్తాతలను కనుక్కున్నాను గానీ, మా నాయిన తాత పేరు నాకిప్పటికీ తెలియదు. అడుగుదామంటే చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ ఒక్క పూటైనా ఆ ఇంటిపేరు మీద నా మనుమరాలు నిలబడితే నాకు చాలు.

11. పెత్రమాస నాడు గడప దగ్గర తూర్పు ఆకు ఇక వేయనక్కర్లేదు. పోయినాయన దొరికాడు. ఆ ఆకు నాకు వేయండి. ఏ దిక్కుకైనా పరవాలేదు. పేరు మాత్రం కింద సంతకంలో ఉన్నట్టే పిలవాలి, లేకపోతే నేను రాను.

సాక్షులకు వీలునామాలో ఏమీ ఇవ్వకూడదని వకీలు చెప్పాడు. కనుక పక్కింటి రాజమణికి, దవాఖాన నర్సు సోమ్లీకి ఈ రోజు చాయ మాత్రమే పోశాను. నేను చదివి వినిపించగా విని, వాళ్ళ ముందే నేను చేసిన సంతకం చూసి, వాళ్ళు సంతకాలు పెట్టారు.

భూపాలపల్లి, 2025 నవంబర్ 12, బుధవారం.

సంతకం:
మేకల మనోరమ

సాక్షులు:
1. కట్కూరి రాజమణి
2. బానోతు సోమ్లీ