వైశాలి జీతం పెరిగింది

జూన్ 9
వైశాలి వెళ్లిపోయింది. మొదటి బస్సు. బాన్సువాడ బస్టాండ్ ఇంకా ఊడ్వనేలేదు. కిటికీ పక్కనే కూర్చుంది, నా వైపు మాత్రం చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందట. ఏడ్చిన మొహంతో డ్యూటీకెక్కితే లోపలి ఆడవాళ్లు ఇట్టే పసిగడతారట.

పెళ్లయి మూడేళ్లు. ఆమె సిటీలో ఆడవాళ్ల జైల్లో వార్డర్. నాకిక్కడ మోటర్ వైండింగ్ షాపు. మా వైపు ఒక చిన్న జైలుంది, బస్సులో గంట దూరం. అక్కడికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంది. బతుకమ్మ లోపు అవుతుందని పైవాళ్లు మాటిచ్చారు.

బతుకమ్మ లోపు. ఈ రెండు మాటలు పొద్దున్నించి ఎన్నిసార్లు అనుకున్నానో.

జూన్ 21
నాట్ల సీజన్. లో వోల్టేజ్‌కి మోటర్లన్నీ కాలిపోతున్నాయి. షాపంతా వార్నిష్ వాసన.

వైశాలి ఫోన్ చేసింది. జీతాలు పెంచాలని వార్డర్లందరూ నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నారట. నేను అదే వాట్సాప్ స్టేటస్ పెట్టాను. అది చూసి కాలువ కింద వరి వేసే రామాంజనేయులు గారు, కూర్చునే ఉద్యోగమే కదండీ, దానికి ఇంకెంత కావాలి, అన్నారు. నాకు ఒళ్లు మండింది. పోయినేడు ఒక ఖైదీ చున్నీతో ఉరేసుకుంటే, పక్కవాళ్లు వచ్చేదాకా వైశాలి ఆమె కాళ్లను భుజాల మీద ఎత్తి పట్టుకుందని చెప్పాను. తర్వాత వారం రోజులు చెయ్యి పైకి లేవలేదని కూడా చెప్పాను.

ఆయన మోటర్ తీసుకుని వెళ్లిపోయారు.

జూలై 4
జీతం పెరిగింది!! ఫోన్లో వైశాలి అరుపులు. మహారాష్ట్ర సరిహద్దు జుక్కల్ పిల్ల కదా, సంతోషం ఎక్కువైతే మరాఠీలోకి దిగిపోతుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మ గల్లీ అంతా చక్కెర పంచింది.

జూలై 19
పెంచిన జీతాలకు డబ్బెక్కడిది? కొత్తవాళ్లను తీసుకోరట. చిన్న జైళ్లు మూసి పెద్దవాటిలో కలుపుతారట. మూసేవాటిలో మాదీ ఉంది, ఇక ట్రాన్స్‌ఫర్ లేనట్టే.

మాది అని రాశాను చూడు. జైలును మాది అనుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

జూలై 20
ఫోన్ చేయలేదు. ఆమె కూడా చేయలేదు.

ఆగస్టు 6, సాయంత్రం, తిరుగు బస్సులో
ఇవాళ ఆమెకు వీక్లీ ఆఫ్. చెప్పకుండా పోయి సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నాను. గేటు దగ్గర బ్రహ్మానందం అనే గార్డు ఉన్నాడు. ఆఫ్ కాన్సిల్ అయి డబుల్ డ్యూటీ పడ్డదన్నా, అన్నాడు. మనుషులు తక్కువున్నరు, పొద్దుమూకేదాక రాదు.

పోయి ములాఖత్ షెడ్డులో కూర్చున్నాను. పక్కన ఒక లంబాడా ముసలమ్మ, దేవీబాయి. మహమ్మద్ నగర్ దగ్గర తండా. ఏదో కొట్లాట కేసులో బిడ్డ లోపలుంది. ఇంతకుముందు మా వైపు జైల్లోనే ఉండేది. అది మూసి ఇక్కడికి తెచ్చారు. అప్పుడైతే పొద్దుగాల పోయి పగటికల్ల ఇంటికొస్తుంటి, అన్నది. ఇప్పుడు రెండు బస్సులు మారాలె, కూలి పోతది.

నువ్వెవలి కోసం వచ్చినవ్ బిడ్డా అని అడిగింది. నా భార్య అన్నాను. ఏం కేసు? కేసు లేదు అవ్వా, నౌకరీ. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది. వైశాలి పేరు చెప్పాను. అంతలో అవ్వ పేరు పిలిచారు.

వచ్చాక చెప్పింది. నీ పెండ్లాన్ని చూసిన, నా బిడ్డ చూపిచ్చింది. ఇనుప జాలీకాడనే నిలబడ్డది. చిక్కిపోయింది బిడ్డా. నువ్వొచ్చినవని చెప్దామంటె నా టైమ్ అయిపోయింది.

తెల్లారితే నా మోటర్ల కోసం పొలాల్లో రైతులు ఎదురుచూస్తుంటారు. పొద్దుమూకేదాకా ఉంటే ఆఖరి బస్సు దొరకదు. అందుకని లేచి వచ్చేశాను. నా భార్య చిక్కిపోయిందని ఇంకొకరు చెప్తే తెలిసింది.

ఆగస్టు 7
వైశాలికి తెలిసిపోయింది, బ్రహ్మానందం చెప్పాడు. ఫోన్ చేసింది. ఎత్తగానే, జీతం పెంచమనుడు మా తప్పా అని అడిగింది. తప్పు కాదన్నాను. మరి నేనెందుకు తప్పు చేసినట్టు ఉంటున్న, అన్నది. నేనూ సంబరపడ్డవాణ్ణే.

సెప్టెంబర్ 12
బతుకమ్మకు లీవ్ లేదు.

సెప్టెంబర్ 26
మధ్యాహ్నం షాపు ముందు ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు దేవీబాయి. పక్కన ఆమె బిడ్డ, బెయిల్ మీద వచ్చిందట. తండాకు పోతూ నా షాపు వెతుక్కుని వచ్చారు. చాయ్ తెప్పించాను. బిడ్డ చాయ్ చల్లారేదాకా తాగలేదు. రోడ్డు మీద లారీలు, వరి కంకులు, అన్నీ చూస్తూ కూర్చుంది.

లేవబోతూ చెప్పింది. వైశాలక్క మాకోసం పూలు తెప్పిచ్చింది అన్న. లోపల బతుకమ్మ ఆడుకున్నం. నువ్వు గూడ రా అంటె రాలే. తాళాలు పట్టుకోని గేటుకాడనే నిలబడ్డది. పాట మాత్రం మాతోని పాడింది.

వాళ్లు పోయాక పని చేయలేకపోయాను. తీగ రెండుసార్లు తప్పుగా చుట్టాను. వైశాలి జైలు నుంచి ఒక ఖైదీ ఇల్లు చేరింది. వైశాలి చేరలేదు.

సెప్టెంబర్ 28
అన్నం దగ్గర అమ్మకు చెప్పాను, సిటీకి పోదామనుకుంటున్నానని. పెండ్లాం ఎంట పోయిండని నలుగురూ నవ్వుతారేమో అని కూడా అన్నాను.

అమ్మ చెయ్యి కడుక్కోకుండానే తిట్టింది. ఆడిపిల్ల మొగని ఎంట పోతె ఎవలన్న నవ్వుతరా? నువ్వు పోతె నవ్వుతరా? నవ్వనియ్యి. నా ఫికర్ నీకెందుకు, గల్లీ దాటితె మీ అక్క ఇల్లే గదా. ఇగ జల్ది పో.

మూడేళ్లు వైశాలి వస్తుందని చూశాను. నేను పోవచ్చని ఒక్కసారీ తట్టలేదు.

అక్టోబర్ 14
షాపు బాలన్నకు అప్పజెప్పాను. పన్నెండేళ్లుగా ఎదురు షాపులో ఇదే పని చేస్తున్నాడు, నా గిరాకీలు అతనికి తెలుసు. సిటీలో అపార్ట్‌మెంట్ పంపులు రిపేర్ చేసే చోట పని దొరికింది. ఇక్కడ వైండింగ్ చేస్తే పొలం తడిసేది, ఒక రైతు వచ్చి చెప్పేవాడు. అక్కడ పైఅంతస్తులో ఎవరో కుళాయి తిప్పుకుంటారు, అంతే. నన్నెవరూ చూడరు.

రామాంజనేయులు గారు వచ్చి, కొత్త బియ్యం చిన్న మూట ఇచ్చారు. అమ్మాయికి వండి పెట్టండి, బాగా అలిసిపోతుంది, అన్నారు.

అక్టోబర్ 19, ఉదయం
వైశాలికి ఇచ్చిన క్వార్టర్. ఒక గది. కిటికీ తీస్తే జైలు గోడ.

వైశాలి నైట్ డ్యూటీ దిగి వచ్చింది. బూట్లు విప్పలేదు. తలుపేసి గొళ్లెం పెట్టింది. డ్యూటీ అలవాటు కొద్దీ రెండుసార్లు లాగి చూసింది.

నేను లోపలే ఉన్నాను.