డిక్కీలోకి మార్చిన బ్యాటరీ

నంద్యాల, మంగళవారం

నాయనా, నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో నా మాట నీకు వినపడదని కార్డు రాస్తున్నాను.

ముందు వైపు బరువు తగ్గాలని ఒక స్పోర్ట్స్ కారు బ్యాటరీని వెనక డిక్కీలోకి మార్చాను. నిన్న మా మెకానిక్ షెడ్డు ఓనరు సమీవుల్లా అన్నతో ఆళ్లగడ్డ రోడ్డులో తోలి చూస్తుంటే సీటు వెనక పొగ లేచింది. బ్యాటరీ నుంచి ముందుకు లాగిన వైరు రేకు అంచుకు ఒరుసుకొని తొక్క ఊడింది. ఇంజను ఆపినా నిప్పురవ్వలు ఆగలేదు. “దిగప్పా, బేగా దిగు! పక్కనే పెట్రోలు ట్యాంకుండాది!” అని అన్న అరిచాడు. నేను డిక్కీ తెరిచి వైరు పీకేశాను. అరచేయి కొంచెం కాలింది.

కొత్త వైరుకు రబ్బరు తొడిగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాను. అయినా తాళం తిప్పే ముందు ప్రతిసారీ డిక్కీ తెరిచి వైరు చూసుకుంటున్నాను. ఆదివారం కారు ఓనరు తన పాపను ఎక్కించుకొని పోతాడట. అందుకే అంతకు ముందే, శనివారం, నేనొక్కడినే మన ఇంటిదాకా తోలుకొస్తాను.

నీ కోడలు మేరీ మందులు వేసుకుంటోందా? నెలలు నిండిన మనిషి, ఈ సంగతి ఆమెకు చెప్పవద్దు. కృపమ్మత్తకు వందనాలు. నా కోసం ప్రార్థన చెయ్యి. కారు వాకిట్లో ఆగితే చూడు గానీ, ఎక్కుతానని మాత్రం అడగొద్దు నాయనా.

నీ కొడుకు,
యెషయా