సీలు తీసిన సీసా

పూతలపట్టు,
1945 మార్చి 13

ఆవు వచ్చిందా, ఎన్ని పాలిస్తోంది అని అడిగావు. రాలేదు. ఇక రాదు కూడా. కొట్టం ఊడ్చాను, గడ్డి వేయించాను, గుంజ పాతాను. ఆ గుంజకు నీ తమ్ముణ్ణి కట్టేస్తే తప్ప నా కోపం తగ్గదు.

సరే, మర్యాద మరిచాను. సౌభాగ్యవతి వరదమ్మకు నా ఆశీస్సులు. ఇక్కడ అందరమూ కులాసా, నీ తమ్ముడు కుప్పయ్య ఎడమ మీసం తప్ప. కోలారులో నువ్వూ, మన అమ్మాయి చంద్రకాంతా, బిడ్డా కులాసా అని తలుస్తాను. అల్లుడికి గనిలో రాత్రి పని తప్పిందన్నావు, సంతోషం. బిడ్డకు తల్లిపాలు చాలడం లేదన్నావే, అది చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. వచ్చే నెల వాళ్లిద్దరినీ నువ్వు ఇక్కడికి తీసుకొచ్చేలోగా ఇంట్లో పాడి ఉండాలనే కదా ఈ పాట్లన్నీ.

మన అబ్బాయి సుబ్రమణ్యం మద్రాసులో అమెరికా సోల్జర్ల లారీ తోలుతూ సంపాదించి తెచ్చిన విస్కీ సీసా నీకు తెలిసిందే. మామిడికాయల కంట్రాక్టరు రాజారత్నం మొదలియారు ఇంటికి ఎవరో దొర భోజనానికి వస్తాడట. ఆ సీసా ఇస్తే పాడి ఆవును దూడతో సహా తోలిస్తానన్నాడు. ఆదివారం ఇచ్చెయ్యాలి. శనివారం సాయంత్రం నీ తమ్ముడు దిగాడు. సారాయి కొట్లో పనిచేసిన చేతులు సీసాను చూసి ఊరుకుంటాయా?

"బావా, వెల కట్టకుండానే ఇచ్చేస్తావా? ఇది రెండావుల సరుకైతే?"

"అది నీకెట్ల తెలుస్తాది రా?"

"సూస్తే తెలుస్తాది. తెరువు."

తెరిచాం. వాడు సీసాను ఊపి దీపానికి ఎదురుగా పట్టాడు. పెద్ద పెద్ద నురగ పూసలు లేచి చటుక్కున పగిలిపోయాయి. నీళ్లు కలిసి ఉంటే పూసలు చిన్నవై అట్లాగే నిలబడతాయట. అరచేతిలో చుక్క వేసి రుద్దితే కాలిన కొయ్య వాసన, వెనకాలే బెల్లం పాకం వాసన. మొక్కజొన్నతో కాచి, లోపల కాల్చిన పీపాల్లో ఏళ్లపాటు మాగబెడతారని సుబ్రమణ్యం చెప్పింది నిజమే. నేనూ ఒక గుక్క వేశాను. నాలుక మీద తియ్యగా ఉంది, గొంతులో నిప్పు పెట్టింది, చెవుల్లోంచి బయటికి పోయింది. నీళ్లు కలిపితే గానీ మంచితనం బయటపడలేదు.

అంతటితో ఆగాడా? చెంచాలో పోసి అగ్గిపుల్ల గీశాడు. నీలం మంట భగ్గుమంది. వంగి చూస్తున్న మీసం కూడా భగ్గుమంది.

"సారాయి కాదు బావా, పెట్రోలు! రెండావులు! తక్కువకి ఇయ్యొద్దు!" మీసం కాలుతున్నా తీర్పు ఆపలేదు మహానుభావుడు.

మర్నాడు మొదలియారు సీసా మెడ చూశాడు.

"సీలు ఏదప్పా?"

"వెల కట్టేదానికి తీసినామయ్యా."

"వెలంతా ఆ సీలులోనే ఉండె గదప్పా! తెరిసిన సీసా దొర ముందర పెడితే, ఏం కలిపినావని అడగడా? పో, నువ్వే తాగు."

వాసన చూడలేదు, చుక్క నోట్లో వేసుకోలేదు. మెడ చూసి వెల చెప్పేశాడు! ఇట్లాగైతే మామిడికాయలు కూడా తొడిమ చూసి కొంటాడేమో అడగాల్సింది. ఆవు పోయిన వాడికి అంత నోరెక్కడిది?

ఇంతసేపూ తప్పంతా నీ తమ్ముడి మీదే తోశాను కానీ, ఒక మాట మింగాను. తెరువు అన్నది వాడే, సీలు చింపింది మాత్రం నా చెయ్యి. రెండావులు అనేసరికి ఒక్క ఆవు నా కంటికి ఆనలేదు. బిడ్డ పాలు నేనే ఒలకబోశాను వరదమ్మా. అమ్మాయికి చెప్పకు. పొద్దున కుప్పయ్య మిగిలిన సీసా చంకన పెట్టుకుని, మాటైనా చెప్పకుండా పోయాడు. తాగి ఎక్కడో పడి ఉంటాడు.

ఇట్లు,
ఆవు లేని కొట్టానికి యజమాని, నీ పెనిమిటి
చిన్నబ్బ

కాగితం మడవబోతుంటే బయట నీ తమ్ముడి కేకలు. "బావా! సీసా పోయింది, మేకొచ్చింది! ఈనిన మేక! బిరీన రా, నన్ను కుమ్మతా ఉండాది!" రెండావుల సీసాకు మేకట! వాణ్ణి గడప తొక్కనిస్తే నేను చిన్నబ్బనే కాదు. అయినా మేకపాలు పసివాళ్లకు తేలిగ్గా అరుగుతాయంటారు కదా, అందుకని ముందు ఆ మేకను లోపలికి...