గ్రహణం నాడు తరిగిన వంకాయ

అక్కా,

ఇవాళ ఏలూరు హైస్కూల్లో సైన్సు మాస్టారు గ్రహాల పాఠం చెప్పారు. భూమి ఆకర్షణకు లోబడి తిరిగే చంద్రుడు సూర్యుడికి అడ్డొస్తే మన మీద నీడ పడుతుందట. గ్రహణమంటే అంతేనట! మరి కడుపుతో ఉండి గ్రహణం వేళ వంకాయ తరిగావనీ, అందుకే బిడ్డకు గ్రహణం మొర్రి వచ్చిందనీ నువ్వు కన్నుమూసేదాకా మీ అత్తగారు దెప్పిపొడిచిందే!

లేచి అడిగాను. "నీడ పెదవిని చీలుస్తుందా అండీ?"

"చీల్చదయ్యా," అన్నారు. గంట కొట్టగానే, "రేపు గ్రహణం, నేను రానర్రా. మా అమ్మాయి కడుపుతో ఉంది, గదిలో పెట్టి తలుపులు వేయాలి," అన్నారు.

చంద్రుడి దారి తెలిసినాయనే అలా అంటే ఇంకెవరితో పోట్లాడను? నీ కూతురు ఆ పెదవితోనే నన్ను మావయ్యా అంటోంది. దానికి నేనే చెబుతాను: మీ అమ్మ తరిగింది వంకాయే, నీ పెదవి కాదు.