ఆలస్యంగా పడే ఫోటోలు

మార్చి 9, మధ్యాహ్నం

చిరంజీవి చెల్లాయికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ బావ, నీ కెమెరా ముగ్గురం క్షేమం. నువ్వూ క్షేమమేనని తెలుసు. మీ బావ నీతో ఫోన్లో మాట్లాడుతుంటే రెండేళ్లుగా పక్క గదిలోంచి వింటూనే ఉన్నాను. నా గొంతు వినగానే పెట్టేస్తావేమోనని భయపడి ఉత్తరం రాస్తున్నాను. చేతికొచ్చిన ఉత్తరాన్ని చివరిదాకా చదవకుండా పారేయలేవు, నీ సంగతి నాకు తెలియదూ!

నీ కెమెరా బయటికి తీశాను. కోప్పడకు. నా రఫ్ఫు పని నీకు తెలిసిందేగా, చిరిగిన చోట దారాలు అల్లి, చిరుగన్నదే కనపడకుండా చేయడం. బాగా చేస్తే అదే చిక్కు. మొన్నొకావిడ ఉన్ని శాలువా తిరిగి తీసుకుంటూ, అసలిది చిరిగిందా అని నన్నే అడిగింది! అందుకని పని మొదలుపెట్టే ముందు చిరుగును ఫోటో తీసి ఉంచుకోమన్నారు మీ బావ.

కెమెరాతో వచ్చిన పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. పైనున్న చక్రం మీద ఎన్ని గుర్తులో! ఆకుపచ్చ గుర్తు దగ్గర పెడితే అన్నీ అదే చూసుకుంటుంది, మనం చుట్టపుచూపుగా నిలబడితే చాలు. పువ్వు గుర్తు దగ్గర పెట్టి చూస్తే, చిరుగులో తెగిన పోగులు ఒక్కొక్కటీ చెట్లలా లేచి నిలబడ్డాయి. ఇరవై ఏళ్లుగా నా వేళ్ల మధ్య తిరిగిన దారమే, ఎప్పుడూ చూడనట్టుంది. ‘ఎస్’ అన్న అక్షరం దగ్గర షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో మనమే చెప్పొచ్చట. నిన్న సాయంత్రం వెలుగు తగ్గాక, కెమెరాను బల్లమీద ఆనించి, రెండు సెకన్లు పెట్టి కిటికీ తెరను ఫోటో తీశాను. గాలికి ఊగే తెర పొగమంచులా పరుచుకుంది. దాని వెనక వీధి లేదు, ఎదురింటి గోడ లేదు, వెలుతురొక్కటే ఉంది. పని పక్కన పెట్టి దాన్నే చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. చిన్నప్పుడు మేం పిలిచినా పలక్కుండా నువ్వు చూస్తుండేది ఇదే కాబోలు. నేనేమో పరధ్యానమని తిట్టేదాన్ని.

ఒక్కటే బాధ. ఇది నా మాట వినదు. నొక్కితే ఫోటో పడదు. ఎర్రలైటు మిణుకుమిణుకుమంటూ కుయ్ కుయ్ అని మూలుగుతుంది. ఆకలేసిందేమోనని ఛార్జింగ్ పెడతాను. మళ్లీ అదే మూలుగు. బల్లమీద ఆనించి తీసే చిరుగులైతే పర్వాలేదు, అవి ఎక్కడికీ పోవు. చేత్తో పట్టుకున్నప్పుడు మాత్రం, విసుగొచ్చి కిందికి దించాక టప్పున పడుతుంది. నా చెప్పుల ఫోటోలే పదిహేను ఉన్నాయి! మీ బావ ఛాతీ విరుచుకుని, ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. ఎంతకీ పడలేదు. ఇది మనల్ని వెక్కిరిస్తోందే అని ఆయన నవ్వేసి, కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే అప్పుడు పడింది. ముప్పై ఏళ్లలో ఆయనది అంత మంచి ఫోటో లేదు.

ఇక అసలు సంగతి. ఆ రోజు ఆసుపత్రి గదిలో అమ్మకి మిగిలిన నాలుగు వెంట్రుకలూ దువ్వుతున్నాను. ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. కెమెరా కిటికీ గట్టు మీద ఉంది, నువ్వు మా వైపు వస్తున్నావు. మమ్మల్ని ఫోటో తీసేసి వస్తున్నావనుకున్నాను. అమ్మ ఈ స్థితిలో ఉంటే నీకు ఫోటోలు కావలసి వచ్చాయా, నువ్వసలు మనిషివేనా అని అరిచాను. నువ్వు కెమెరా కూడా తీసుకోకుండా వెళ్లిపోయావు. అమ్మ పోయినప్పుడు వచ్చినా నా మొహం చూడలేదు. అమ్మను అలా తీయడం తప్పేనని నాకిప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ మాట అనకుండా ఉండాల్సింది.

చక్రం మీద, అన్నీ మనమే పెట్టుకోవాల్సిన ‘ఎమ్’ ఒక్కటే కొరుకుడు పడడం లేదు. నువ్వొచ్చి నేర్పితే నేర్చుకుంటాను.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అక్క

తా.క. ఇది మర్నాడు రాస్తున్నాను. కవరు అతికించే ముందు, కెమెరాను వీధి చివర స్టూడియో ఆయనకు చూపించాను. దీనికి జబ్బేమీ లేదమ్మా అని నవ్వాడాయన. గడియారం గుర్తు పెట్టి ఉందట. నొక్కాక పది సెకన్లు ఆగి దానంతటదే తీస్తుందట, నొక్కినవాళ్లు కూడా పరుగెత్తి వెళ్లి ఫోటోలో నిలబడేందుకు. దాన్ని నేను పెట్టలేదు చెల్లాయ్. రెండేళ్ల కిందట నువ్వు పెట్టింది అలాగే ఉంది.

ఇంటికొచ్చి, ఇన్నాళ్లూ తెరవడానికి మనసొప్పని ఆ ఆసుపత్రి ఫోటో కెమెరాలో తెరిచాను. చేతిలో దువ్వెనతో, నోరు తెరిచి అరుస్తూ నేను. అమ్మ నావైపు చూడడం లేదు. నవ్వుతూ మంచం మీద పక్కకి జరిగి చోటిస్తోంది. ఆ చోటుకేసి పరుగున వస్తూ, సగమే పడి, చెదిరిపోయి నువ్వు. మమ్మల్ని తీశావనుకున్నాను. నువ్వు మాతో కూర్చోడానికి వస్తున్నావు.

‘ఎమ్’ నేర్పమన్నది ఉత్త సాకు. స్టూడియో ఆయన గడియారం గుర్తు తీసేయబోతే వద్దన్నాను. వచ్చి నొక్కి, పరుగెత్తుకురా. ఈసారి నేను జరుగుతాను.